యోబుకు చెప్పని కారణం మీకెవరు చెప్పగలరు?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది ఉద్దానం. జీడితోటల్లో కూలికి వెళ్లే నా భర్తకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. సంఘంలో కొందరు "దీని వెనక దేవుని ఉద్దేశం ఉంది, ఏడవకు" అంటున్నారు. దాచుకున్న పాపం ఏదో ఉందని, ఒప్పుకుంటే తగ్గుతుందని ఒక పెద్దాయన అన్నారు. ఉపవాసం ఉండి డయాలసిస్ మానేస్తే స్వస్థత వస్తుందని ఇంకొకరు చెబుతున్నారు. ఆదివారం ప్రార్థనలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే నాకు నోరు పెగలడం లేదు. రాత్రిళ్లు "ఎందుకు ప్రభువా" అని అడుగుతున్నాను. నాకు విశ్వాసం లేనట్టేనా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు డయాలసిస్ సంగతి. ఒక్కసారి కూడా మానకండి. ఒంట్లోని మలినాన్ని, అదనపు నీటిని బయటికి పంపే పని ఆయన కిడ్నీలు చేయలేకపోతున్నాయి. ఆ నాలుగు గంటలూ యంత్రం చేస్తున్నది ఆ పనే. మానేయమన్నవారి మాట విశ్వాసం కాదు, ప్రాణాలతో చెలగాటం.

పాపం సంగతికి వస్తే, మీ ప్రాంతంలో ఊరూరా ఇదే జబ్బు. వైద్యులు ఏళ్ల తరబడి నీరు, మట్టి పరీక్షించి కూడా ఇదీ కారణమని గట్టిగా తేల్చలేదు. మీ పెద్దాయన మాత్రం కూర్చున్నచోటే తేల్చేశారు! సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికన్నా పాపులా అని యేసు ప్రభువే అడిగి, కాదని తానే చెప్పాడు.

దేవునికి ఉద్దేశం ఉందనే నేనూ నమ్ముతాను. అది ఫలానా అని మీకు చెప్పే అధికారం మాత్రం మీ సంఘానికి లేదు, నాకూ లేదు. బైబిల్లో యోబు నీతిమంతుడు, అయినా ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోగొట్టుకున్నాడు. యోబు గ్రంథం మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో ఏం జరిగిందో చదివే మనకు తెలుసు, యోబుకు చివరిదాకా తెలియదు. సుడిగాలిలోంచి మాట్లాడిన దేవుడు సముద్రానికి తలుపులు వేసిందెవరు, కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో తెలుసా అని అడిగాడు. పిల్లలు ఎందుకు పోయారో మాత్రం చెప్పలేదు. ఆ అధ్యాయాలు నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడవు. కానీ 42వ అధ్యాయం చూడండి. దేవుడు కోప్పడింది యోబును ఓదార్చడానికి వచ్చి, నీ పాపమే కారణమని వాదించిన ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద. పుట్టినరోజును శపించి, దేవుణ్ణే వాదనకు పిలిచిన యోబు యుక్తంగా మాట్లాడాడట. దేవుని తరఫున వకాల్తా పుచ్చుకున్న ముగ్గురూ కాదట! మొదట్లో వాళ్లు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

మీరు రాత్రిళ్లు అడిగేది అవిశ్వాసం ఎలా అవుతుంది? వినేవాడు లేడనుకుంటే అసలు అడగనే అడగరు. జవాబు రాకపోయినా మీరు ఆయన్ని వదల్లేదు. సాక్ష్యమంటే స్వస్థత కథే కానక్కర్లేదు. "ఈ వారమూ ఆసుపత్రికి వెళ్లొచ్చాం, ఎందుకిలా జరిగిందో తెలియదు, ప్రార్థించండి" అని కూర్చోండి. అదీ చెప్పలేకపోతే మానేయండి, ఎవరికీ బాకీ లేరు.

మరొకటి. మీది కొబ్బరిసీమ, పరామర్శకు వచ్చేవారు ప్రేమకొద్దీ బొండాలు తెస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివారికి అది గుండె మీదికి వస్తుంది. నొచ్చుకున్నా సరే, ఆయనకు తాగించకండి, వచ్చినవారికే కొట్టి ఇవ్వండి.