ఉప్పునీటితో పాటే పోయే ఒత్తిడి

ప్రశ్న: చెన్నై దగ్గరి మీంజూరు, నెమ్మేలి ప్లాంట్లలో సముద్రపు నీటిని మంచినీరుగా మారుస్తున్నారు కదా. ఇలాంటి చోట్ల, బయటికి వదిలే ఉప్పునీటి నుంచి శక్తిని తిరిగి రాబడతారని చదివాను. వదిలేసే నీటిలో శక్తి ఎక్కడిది? దానితో కరెంటు తయారు చేస్తారా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఆ శక్తి ఉప్పులో లేదు, ఒత్తిడిలో ఉంది. ఉప్పును ఆపి నీటిని పోనిచ్చే ఆర్‌వో పొర గుండా నీటిని నెట్టాలంటే ముందు దాటాల్సిన ఒత్తిడి, అంటే సముద్రపు నీటి ఆస్మాటిక్ పీడనమే, సుమారు 27 బార్లు (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత); ఆ పొర వెంట సాగేకొద్దీ నీరు మరింత ఉప్పెక్కుతుంది కనుక హైప్రెషర్ పంపులు 55 నుంచి 70 బార్ల దాకా ఒత్తిడి ఇవ్వాల్సి వస్తుంది. ఇంత చేసి లోపలికి తోసిన 100 లీటర్లలో మంచినీరయ్యేది దాదాపు 40 లీటర్లే. మిగిలిన గాఢమైన ఉప్పునీరు ఒకటి రెండు బార్లు మాత్రమే కోల్పోయి, మిగతా ఒత్తిడంతా తనలోనే ఉంచుకుని అవతలి కొస నుంచి బయటికొస్తుంది.

లెక్క వేసి చూద్దాం. పంపు నష్టాలను పక్కన పెడితే, ఒక ఘనపు మీటరు నీటిని 60 బార్లకు చేర్చడానికి 1.67 యూనిట్లు పడుతుంది. ఒక ఘనపు మీటరు మంచినీటికి రెండున్నర ఘనపు మీటర్ల సముద్రపు నీరు కావాలి కనుక ఖర్చు 4.2 యూనిట్లకు చేరుతుంది. ఉప్పునీటిని వాల్వు తెరిచి వదిలేస్తే అందులో రెండున్నర యూనిట్లు ఆ వాల్వు దగ్గరే వృథా అవుతాయి.

సాధారణంగా దానితో కరెంటు తయారు చేయరు. మొదట్లో ఆ ఉప్పునీటి ధారను పెల్టన్ చక్రం (నీటిధార తాకిడికి తిరిగే టర్బైన్) మీదికి మళ్లించి, అదే ఇరుసు మీదున్న పంపు మోటారుకు సాయం చేయించేవారు. ఒత్తిడి వేగంగా, వేగం భ్రమణంగా, భ్రమణం మళ్లీ ఒత్తిడిగా మారే ప్రతి మెట్టులోనూ కొంత నష్టం తప్పేది కాదు.

నార్వే ఇంజనీరు లీఫ్ హౌగ రూపొందించిన ప్రెషర్ ఎక్స్ఛేంజర్ ఈ మార్పిడులన్నిటినీ తప్పించింది. అందులో రివాల్వర్ గుళ్ల గదిలా నిలువునా రంధ్రాలున్న సిరామిక్ రోటర్ ఉంటుంది. దాన్ని తిప్పడానికి మోటారు అక్కర్లేదు, నీటి ప్రవాహమే తిప్పుతుంది. రంధ్రం ఒక పక్కకు వచ్చినప్పుడు తాజా సముద్రపు నీరు నిండుతుంది; రెండో పక్కకు తిరగగానే ఒత్తిడితో ఉన్న ఉప్పునీరు దాన్ని నేరుగా పొరల వైపు నెడుతుంది. మధ్యలో పిస్టన్ లేకపోయినా రెండూ కలిసేది కొద్దిగానే. పొరలకు చేరే నీటిలో ఉప్పు రెండు మూడు శాతం పెరుగుతుంది. తగ్గిన కాస్త ఒత్తిడిని చిన్న బూస్టర్ పంపు పూరిస్తుంది. పెద్ద పంపు ఇక దాదాపు మంచినీరయ్యేంత నీటిని మాత్రమే తోస్తే చాలు. నా దృష్టిలో అసలు లాభం ఇదే. 2006లో మొదలైన ఆస్ట్రేలియాలోని పెర్త్ ప్లాంటులో వాడినది ఇలాంటి పరికరమే.

మంచి పరికరాల సామర్థ్యం ఇప్పటికే 97, 98 శాతం దాకా ఉంది. కాబట్టి కొత్త పరికరంతో కరెంటు సగం ఆదా అని ఎవరైనా చెబితే, దేనితో పోల్చి చెబుతున్నారో అడగండి. వాల్వు తెరిచి వదిలేసే పాత ప్లాంటుతో పోల్చితేనే ఆ లెక్క నిలుస్తుంది.