సెకండ్ హ్యాండ్ తుపాకీ: లైసెన్స్‌లో 41, తుపాకీ మీద 47

ప్రశ్న: లాయర్ గారూ, మాది నాగర్‌కర్నూల్ జిల్లా. పంట కాపలాకి తుపాకీ లైసెన్స్ ఉంది. 2024 జనవరిల హైదరాబాద్‌ల ఒక ఆర్మ్స్ షాపుల పాత 12 బోర్ డబుల్ బ్యారెల్ కొన్న. 70 వేలు ఇచ్చిన, బిల్లు మాత్రం 45 వేలకే రాసిండ్రు. ఎలక్షన్లప్పుడు స్టేషన్ల పెట్టి మళ్ళ తెచ్చుకున్న. సెప్టెంబర్ల మక్క చేన్లకి పందులు వస్తే కాల్చబోయిన, టిక్ అన్నది గానీ పేలలే. రెండు తూటాలు అట్లనే అయినయి. దసరాకి ఆయుధ పూజ చేసి ఫొటోలు గూడ తీసుకున్నం. 2025 ఫిబ్రవరిల రిపేర్‌కి ఇచ్చిన, మే నెలల ఇచ్చిండ్రు. ఆ మూడు నెలలు ఎన్నిసార్లు పోయినా పొద్దందాక నిలబెట్టుడే, సెకండ్ హ్యాండ్ దానికి గ్యారంటీ ఏంది పెద్దాయనా అని కౌంటర్ మీది పోరగాడు అందరి ముందట నవ్విండు. మా నాయన పేరు ఎత్తి మాట్లాడిండు. ఇంటికి తెచ్చినంక గూడ ఒక బ్యారెల్ పేలుతలేదు. మొన్న నూనె రాస్తుంటే మా పిల్లగాడు చూసి చెప్పిండు, లైసెన్స్‌ల నంబర్ చివర 41 ఉంటే తుపాకీ మీద 47 ఉందని. షాపాయనకు ఫోన్ చేస్తే తెచ్చియ్యి, ఆ ఏడు మీద జర గీకితే ఒకటి అయితది అన్నడు. నాకు జరిగిన అవమానానికి 10 లక్షలు వస్తయా? చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ముప్పావు వంతు ఆ షాపులో మిమ్మల్ని ఎట్లా నిలబెట్టారు, ఎవడు నవ్వాడు అనే దానికే పోయింది. కన్స్యూమర్ కమిషన్ ముందు అదంతా ఒక పేరా, అంతకుమించి రాస్తే ఎవరూ చదవరు. తుపాకీ పేలకపోవడం రెండో సంగతి. అసలు సంగతి మీరు పోతూ పోతూ ఒక్క ముక్కలో చెప్పేసి మళ్ళీ అవమానం దగ్గరికి వెళ్ళిపోయారు, అదే ఆ నంబర్. లైసెన్స్ చేతిలో ఉంటే ఏ తుపాకీ అయినా ఉంచుకోవచ్చు అనుకుంటారు చాలామంది, అట్లా కాదు, అందులో ఎక్కించిన నంబర్ ఉన్న ఆయుధానికే ఆ పర్మిషన్. రేపు ఎస్సై గారు చెకింగ్‌కి వచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కాగితం ప్రకారం మీ ఇంట్లో ఉన్నది లైసెన్స్ లేని ఆయుధమే. ఆర్మ్స్ యాక్ట్ 1959 సెక్షన్ 3 ఉల్లంఘన, శిక్ష సెక్షన్ 25(1బి) కింద, 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ 2 ఏళ్ళు, పైన 5 ఏళ్ళ దాకా, జరిమానా కూడా. మీరేమో నన్ను 10 లక్షలు వస్తాయా అని అడుగుతున్నారు.

నాకేం తెలుసండీ, షాపు వాళ్ళు ఇచ్చింది తెచ్చుకున్నా అంటారు. నిజమే, ఆయుధం దగ్గర ఉండటం ఒక్కటే నేరం కాదు, తెలిసి ఉంచుకోవడం అనేది ఉండాలి అని 1972లోనే గుణ్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, దాని మీద వాదించొచ్చు. కానీ మీ అబ్బాయి ఆ నంబర్ చదివి చెప్పిన రోజుతో నాకు తెలీదు అనే మాట అయిపోయింది. ఇప్పటి నుంచి మీరు ఊరుకున్న ప్రతి రోజూ తెలిసి ఊరుకున్నట్టే లెక్క.

ఇక ఆ షాపాయన సలహా. ఏడు మీద గీకితే ఒకటి అవుతుందా? ఆయన తెలిసి అన్నాడో తెలీక అన్నాడో గానీ మిమ్మల్ని జైలుకి పంపే మాట అది. తుపాకీ మీద ఉన్న నంబర్ చెరపడం, మార్చడం సెక్షన్ 8 కింద నేరం, పైగా ఆ సెక్షన్లోనే ఇంకో మెలిక ఉంది, నంబర్ చెరిపిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వాళ్ళే చెరిపారని చట్టం ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. గీకింది షాపులో, గీకింది వాళ్ళ మనిషి, దొరికేది మీ ఇంట్లో. ఇప్పటిదాకా మీ దగ్గరున్నది కాగితానికీ ఇనుముకీ కుదరని ఒక తేడా, సరిచేసుకోవచ్చు. ఆకురాయి పెట్టారంటే మాత్రం సరిచేసుకోవడానికి ఏమీ మిగలదు, ఫోరెన్సిక్ ల్యాబ్ వాళ్ళకి గీకిన ఇనుము మీద పాత అంకె పైకి తేవడం కొత్త పని కాదు. అందుకని ఆ తుపాకీ షాపు గడప తొక్కకూడదు, సర్వీసింగ్‌కని కూడా ఇవ్వొద్దు. వదిలించుకుందాం అని బావమరిదికో ఇంకెవరికో అమ్మే ఆలోచన ఉంటే అదీ మానుకోండి, లైసెన్స్ ఉన్న మనిషికి అమ్మాలన్నా ముందు కలెక్టర్‌కో దగ్గరి స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి, అది మీ లైసెన్స్‌లో ఉన్న తుపాకీ సంగతి, ఇది అదో కాదో ఇంకా తేలనే లేదు.

తేడా ఎప్పుడు వచ్చింది అన్నదే మొత్తం కేసు. కొన్న రోజు నుంచే ఇదే తుపాకీ, బిల్లు రాసినాయన 47ని 41 అని రాశాడు, కలెక్టరేట్‌లో క్లర్కు బిల్లు చూసి లైసెన్స్‌లో ఎక్కించాడు, తుపాకీ తిప్పి చూడలేదు అనుకుందాం. అప్పుడు ఇది రాతలో తప్పు, సవరణతో పోతుంది. అట్లా కాకుండా మీరు కొన్నది 41, రిపేర్‌కి ఇచ్చాక తిరిగి ఇచ్చింది 47 అయితే మీ తుపాకీ వేరే ఎవరి ఇంట్లోనో ఉంది, ఎవరిదో తుపాకీ మీ ఇంట్లో ఉంది, దానికి వెనక ఏం చరిత్ర ఉందో దేవుడికే తెలియాలి. మూడోది కూడా ఉంది, రిపేర్‌లో బ్యారెల్ మాత్రమే మార్చి వేరే దానిది తగిలించడం. డబుల్ బ్యారెల్‌కి నంబర్ ఒక్కచోటే ఉండదు, ముందు కట్టె ఊడదీసి బ్యారెల్ దింపితే అడుగున చదునుగా ఉన్నచోట ప్రూఫ్ ముద్రల (పరీక్షించినట్టు కొట్టే గుర్తుల) పక్కన ఒకటి ఉంటుంది, యాక్షన్ (బ్యారెల్ వెనక పేల్చే మిషన్ ఉండే ఇనుప భాగం) మీద ఉంటుంది, కొన్నిటికి కట్టె లోపలి ఇనుము మీద కూడా. మీ అబ్బాయి ఎక్కడ చూశాడో మీరు రాయలేదు. అన్నిచోట్లా చూసి, మెత్తటి గుడ్డతో నూనె తుడిచి, ఏమీ రుద్దకుండా వెలుతురులో ఫొటోలు, ఆపకుండా తీసిన ఒక వీడియో తీయండి. అరిగిపోయిన ముద్రలో ఒకటి ఏడులా కనబడటం కూడా జరిగే పనే, అదే అయితే ఇద్దరం హాయిగా నిద్రపోవచ్చు.

ఇక్కడ మిమ్మల్ని రెండు మాటలు అనక తప్పదు. రిపేర్‌కి ఇచ్చినప్పుడు తీసుకున్న చీటీ కాపీ పంపారు, దాని మీద ఏముంది? "12 బోర్ డబుల్ - 1". అంతే. ఫోన్ రిపేర్‌కి ఇస్తే ఐఎంఈఐ నంబర్ రాయించుకుంటాం, మీరు తుపాకీ ఇచ్చి మూడు నెలలు వదిలేశారు. తిరిగి తీసుకునేటప్పుడు లైసెన్స్ పక్కన పెట్టి చూసుకోలేదు, చెక్కకి పాలిష్ బాగా పెట్టారని సంతోషపడి వచ్చారట. పేలని ఆ రెండు తూటాలు ఏం చేశారంటే బావిలో పడేశానని రాశారు! వెనక పిన్ను తగిలి పడిన చిన్న గుంట ఉంటుంది చూడండి, అది సరిగ్గా పడలేదంటే లోపం తుపాకీలో, బాగా లోతుగా పడీ పేలలేదంటే తూటాలో. మీ కేసుకి ఉన్న మంచి సాక్ష్యం అది, బావిలో ఉంది. లైసెన్స్‌లో ఎక్కించిన తూటాలకి లెక్క ఉండాలి అన్నది వేరే సంగతి. ఆ పాతిక వేలు కూడా మర్చిపోండి, బిల్లు లేకుండా చేతికిచ్చిన డబ్బు ఇచ్చినట్టు ఏ కమిషనూ నమ్మదు, ఫోన్‌పేలోనో చాటింగ్‌లోనో ఆనవాలు ఉంటే తప్ప.

అయినా దారి ఉంది, మీకు తెలియకుండానే మీరే రెండు సాక్ష్యాలు తయారు చేసుకున్నారు. ఒకటి ఎలక్షన్లప్పుడు స్టేషన్లో తుపాకీ డిపాజిట్ చేయడం. 2024 మే 13 పోలింగ్‌కి ముందు మీరు స్టేషన్లో అప్పజెప్పినప్పుడు రైటర్ (స్టేషన్లో రాతపని చూసే పోలీసు) రిజిస్టర్లో నంబర్ రాసుకుని రసీదు ఇచ్చి ఉంటాడు, తుపాకీ తెచ్చుకునేటప్పుడు ఆ రసీదు వెనక్కి ఇచ్చేశారు కాబట్టి మీ దగ్గర లేదు, కానీ రిజిస్టర్ అక్కడే ఉంది. సమాచార హక్కు చట్టం కింద ఆ పేజీ నకలు అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో 47 ఉంటే మొదటి నుంచీ ఇదే తుపాకీ, రాతలోనే తప్పు. 41 ఉంటే షాపులో మారింది అనొచ్చు, కానీ రైటర్ తుపాకీ చూడకుండా మీ లైసెన్స్ చూసి ఎక్కించి ఉంటే అది కూడా 41 అనే ఉంటుంది. అందుకే రెండో సాక్ష్యం కావాలి, మీ దసరా ఫొటో. అది 2024 అక్టోబర్, రిపేర్‌కి ఇవ్వకముందు. పసుపు కుంకుమ పెట్టి పీట మీద పెట్టిన తుపాకీని మీ కోడలు దగ్గరగా తీసిందని రాశారు, ఏ వైపు తీసిందో చూడండి, బొట్టు కింద అంకెలు కనిపిస్తే మీ అదృష్టం. నంబర్ కనబడకపోయినా చెక్క మీది గీతలు, చెక్కడాల పని ఇప్పటి తుపాకీతో పోల్చి చూడొచ్చు. వాట్సాప్‌లో తిరిగింది కాదు, తీసిన ఫోన్లో ఉన్న ఒరిజినల్ కావాలి, ఆ ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. కోర్టులో పెట్టేటప్పుడు ఇట్లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి, పాత ఎవిడెన్స్ యాక్ట్ 65బి స్థానంలో వచ్చింది. షాపాయన "గీకితే అయితది" అన్న కాల్ రికార్డు అయి ఉంటే దానికీ అంతే.

ఇప్పుడు గడువు. కన్స్యూమర్ ప్రొటెక్షన్ యాక్ట్ 2019 సెక్షన్ 69 ప్రకారం కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ళు. షాపు వాళ్ళ లాయర్ కొన్న రోజు నుంచి, అంటే 2024 జనవరి నుంచి లెక్కేసి దాటిపోయింది అంటాడు. మనం లోపం బయటపడిన 2024 సెప్టెంబర్ నుంచి లెక్కేస్తాం, దానికి కూడా ఎక్కువ టైం లేదు. తుపాకీ మారింది అని తేలితే 2025 మే నుంచి. ఈ మధ్యలో మీరు ఎన్నిసార్లు షాపుకి తిరిగారు, ఎన్ని ఫోన్లు చేశారు అన్నది గడువును ఒక్క రోజు కూడా పెంచదు, ఇది మాత్రం జనం అస్సలు నమ్మరు, "వాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నా కదండీ" అంటారు. ఆలస్యం మన్నించమని అదే సెక్షన్ కింద అడగొచ్చు, కారణం చూపించాలి, ఇస్తారని హామీ లేదు. అందుకని 2026 సెప్టెంబర్ లోపు వేసేయండి.

చేయాల్సిన వరస ఇదీ. కలెక్టర్‌కి ఒక అర్జీ, మీ లైసెన్స్ ఇచ్చింది ఆయనే కదా, స్టేషన్‌కి కాపీ. ఫలానా తేదీన తేడా గమనించాను, తుపాకీ వాడటం ఆపేశాను, విచారించి సరిచేయండి, ఈలోపు స్టేషన్లో అప్పజెప్తాను అని రాయండి, రెండు చోట్లా ముద్ర వేయించుకోండి. స్టేషన్ రసీదులో లైసెన్స్‌లో ఉన్న నంబర్ కాదు, తుపాకీ మీద కనిపిస్తున్న నంబరే రాయించాలి, అక్కడ నిలబడి రాయించండి. లైసెన్స్ పీకేస్తారేమో అని భయపడుతున్నారు, షోకాజ్ నోటీసు రావొచ్చు, కాదనను, సస్పెండ్ చేసినా ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 18 కింద అప్పీలు ఉంది. ఇంకోటి చూడండి, సెక్షన్ 3 కింద మీ మీద కేసు నడవాలంటే సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ మంజూరు కావాలి. అంటే ఆ కలెక్టరే. రేపు ఆయన టేబుల్ మీదికి పోలీసు ఫైల్ వచ్చేసరికి మీ అర్జీ ముందే అక్కడ ఉండాలి.

ఆ తర్వాత షాపుకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు. ఆర్మ్స్ డీలర్ ప్రతి ఆయుధానికీ రిజిస్టర్ ఉంచాల్సిందే, ఇది ఎవరి దగ్గర కొన్నారు, ఏ నంబర్‌తో స్టాక్‌లో ఎక్కించారు, మీ పేరుతో ఏది అమ్మారు, రిపేర్‌లో ఏది తీసుకున్నారు, వివరాలు ఇవ్వమని అడగండి. జవాబు ఇచ్చినా ఇవ్వకపోయినా మనకి పనికొస్తుంది. కేసు హైదరాబాద్‌లోనే వేయాలని లేదు, మీరు ఉండే జిల్లాకి సంబంధించిన కమిషన్లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు. బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉంది కదా, దాన్ని చూసి భయపడొద్దు, లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకోను అనడమే అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీస్, అంటే అన్యాయపు వ్యాపార పద్ధతి. సెకండ్ హ్యాండ్ అయినా తుపాకీ అని అమ్మినప్పుడు పేలాలి. లోపం ఉందో లేదో ల్యాబ్‌కి పంపమని కమిషన్నే అడగాలి, మీ ఊరి మిస్త్రీ రాసిచ్చిన కాగితం చెల్లదు. అడగాల్సింది 45 వేలు వాపసు, రిపేర్ ఖర్చు, తిరిగిన ఖర్చు, మనోవేదనకి ఒక పాతిక ముప్పై వేలు. 10 లక్షలు అని రాస్తే మిగతా వాటి మీద కూడా నమ్మకం పోతుంది. విదేశీ తుపాకుల దిగుమతి మామూలు జనానికి ఎప్పుడో 1980ల్లోనే బందైంది, ఉన్న పాతవే చేతులు మారుతుంటాయి, షాపులు కొన్నే, అందుకే వాళ్ళకి ఆ పొగరు. పొగరుకి విడిగా సెక్షన్ లేదు.

చీటింగ్ కేసు ఇప్పుడే వద్దు, రిజిస్టర్ నకళ్ళు రాకముందు పెడితే సివిల్ తగాదా అని మూసేస్తారు. ఇంకో మాట, కంప్లయింట్‌లో ఎక్కడా "పందుల్ని కాల్చబోయాను" అని రాయకండి. పంట కాపలా లైసెన్స్ ఉన్నంత మాత్రాన అడవి పందిని అటవీ శాఖ అనుమతి లేకుండా కాల్చే హక్కు రాదు, వన్యప్రాణి చట్టం 1972 కింద అదో కొత్త కేసు. బెదరగొట్టడానికి గాల్లోకి కాల్చబోయానని మీరు నాకు ఫోన్లో చెప్పారు, అది నిజమైతే అదే రాయండి.

ఆర్టీఐ దరఖాస్తు, కలెక్టర్ అర్జీ రెండూ ఈ వారమే పడాలి. బ్యారెల్ అడుగు ఫొటోలూ దసరా ఫొటో ఒరిజినలూ పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపండి. ఈలోపు షాపాయన ఫోన్ చేసి తెచ్చివ్వమంటే, చెప్పేదేదో మెసేజ్‌లో పెట్టమనండి.