ఫాస్ట్ బౌలర్‌కి కెప్టెన్సీ ఇవ్వొచ్చా?

ప్రశ్న: కోతలయ్యాక మా ఊరి చేలో సంక్రాంతికి టోర్నమెంటు ఆడతామండి. ఈసారి మా ఫాస్ట్ బౌలర్ని కెప్టెన్ చేద్దామంటే పెద్దోళ్ళు వద్దు, బ్యాట్స్‌మనే ఉండాలి అంటున్నారు. మీరేమంటారు?
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: చేసేయండి తమ్ముడూ! 1983లో మనకి వరల్డ్ కప్పు తెచ్చిన కపిల్ దేవ్ ఎవరు, 1992లో పాకిస్తాన్‌కి తెచ్చిన ఇమ్రాన్ ఖాన్ ఎవరు, ఇద్దరూ ఫాస్ట్ బౌలర్లే కదా. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ కమిన్స్ అయితే కెప్టెన్‌గా 2023 వరల్డ్ కప్ ఫైనల్లో అహ్మదాబాద్‌లో టాస్ గెలిచి ముందు బౌలింగే తీసుకున్నాడు, మనల్ని 240కే ఆపేశాడు, కోహ్లీ వికెట్ కూడా తనే తీశాడు, ఆ రోజు తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధేనండి. పిచ్ సంగతి బంతేసేవాడికి బాగా తెలుస్తుంది.

భయమల్లా ఒంటి గురించే. పెర్త్‌లో 2024 నవంబర్లో మన ఫాస్ట్ బౌలర్ బుమ్రా కెప్టెన్సీలో ఆస్ట్రేలియా మీద టెస్టు 295 పరుగుల తేడాతో గెలిచాం, అదే మనిషి జనవరిలో సిడ్నీలో వెన్ను పట్టేసి మ్యాచ్ మధ్యలో బయటికెళ్ళిపోయాడు. అందుకని మీవాడు ఓవర్ అయ్యాక బౌండరీ దగ్గరికి పోకుండా మిడాఫ్‌లో, అంటే బౌలర్‌కి దగ్గర్లోనే నిలబడాలి, ఇంకో ఓవర్ వెయ్యాలా ఆపాలా అన్నది మాత్రం కీపర్ని అడగమనండి, వికెట్ పడేదాకా నేనే వేస్తానంటాడు ఏ ఫాస్ట్ బౌలరైనా.