‘బోర్గెన్’లో చిన్న పార్టీ నాయకురాలు ప్రధాని ఎలా అయింది?

“బోర్గెన్ మొదటి రెండు ఎపిసోడ్లు చూశాను. బిర్గిట్టె పార్టీ అంత పెద్దదేం కాదు కదా, ఆవిడ ప్రధాని ఎలా అయింది? కథ కోసం అలా కల్పించారా? ముందుకెళ్లి చూడమంటారా?” అని అడిగారు. ‘బోర్గెన్’ డెన్మార్క్ రాజకీయాల మీద అక్కడే తీసిన టీవీ సీరియల్, బిర్గిట్టె అందులో ఒక మధ్యేవాద పార్టీ నాయకురాలు. తప్పకుండా చూడండి. అది కల్పన కాదు, అక్కడి పద్ధతే అది. ఈ లెక్క ఒకసారి పట్టుబడితే సీరియల్ మొత్తం మరోలా కనిపిస్తుంది.

డెన్మార్క్ పార్లమెంటులో 179 సీట్లు. ప్రధాన భూభాగం నుంచి 175, ఫారో దీవుల నుంచి 2, గ్రీన్‌లాండ్ నుంచి 2. సగం దాటాలంటే 90 కావాలి. రెండో ఎపిసోడ్ పేరే ‘తొంభై దాకా లెక్కపెట్టు’. దేశం మొత్తం మీద 2 శాతం ఓట్లు వస్తే చాలు, పార్టీకి సభలో చోటు దొరుకుతుంది. అందుకే సభ నిండా పార్టీలే. వందేళ్లకు పైగా అక్కడ ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు.

చాలామంది తికమకపడేది దీని తర్వాతి మెలిక దగ్గర. అక్కడ ప్రధాని కావడానికి 90 మంది చేతులెత్తి మద్దతు చెప్పక్కర్లేదు. తనకు వ్యతిరేకంగా 90 మంది కూడకుండా ఉంటే చాలు. పదవిలోకి వచ్చాక బలపరీక్ష అంటూ ఉండదు, అవిశ్వాసం ఎదురైతే తప్ప. నిజ జీవితంలోనే 2015లో అక్కడి నేత లార్స్ లోకె రాస్ముసెన్ కేవలం 34 సీట్లున్న తన పార్టీతో, ఎవర్నీ కలుపుకోకుండా ప్రభుత్వం ఏర్పాటు చేశాడు. మీ ప్రశ్నకు ఇంకా దగ్గరి ఉదాహరణ 1968లోది. మధ్యేవాద రాడికల్ పార్టీకి వచ్చినవి 27 సీట్లు, కూటమిలోని మిగతా రెండు పార్టీలకూ అంతకంటే ఎక్కువే ఉన్నాయి. అయినా ప్రధాని అయింది రాడికల్ నేత హిల్మర్ బౌన్స్‌గార్డే. మధ్యలో నిలబడ్డవాడు ఎటు ఒరిగితే అటే 90 పూర్తవుతుంది కాబట్టి, బేరంలో అతని చెయ్యే పైన ఉంటుంది. బిర్గిట్టె కథకు ఇరుసు కూడా ఇదే.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. మంత్రి పదవులు తీసుకున్న పార్టీ, బయటి నుంచి మద్దతిచ్చే పార్టీ ఒకటే అనుకుని చూస్తే సగం సన్నివేశాలు అర్థం కావు. బయట ఉన్నవాళ్లకు బాధ్యత ఉండదు, బడ్జెట్ వేళ వాళ్ల మాటకు విలువ మాత్రం చాలా ఉంటుంది. కాబట్టి పక్కన ఒక కాగితం పెట్టుకుని మూడు గడులు గీయండి: ప్రభుత్వంలో ఉన్నవాళ్లు, బయటి నుంచి ఆదుకునేవాళ్లు, ఎదురుపక్షం. ఏ ఎపిసోడ్‌లో ఎవరు ఏ గడిలోంచి ఏ గడిలోకి జారుతున్నారో రాసుకుంటూ పోండి. రెండో సీజన్‌లో గ్రీన్ పార్టీ నేత అమీర్ పాత కారు పత్రికలకెక్కే ఎపిసోడ్ వచ్చేసరికి ఈ కాగితం విలువ తెలుస్తుంది. ఒక కారు గోల ఒక మనిషిని రాజకీయాల్లోంచే ఎలా సాగనంపుతుందో, దాంతో కూటమి లెక్క ఎలా మారుతుందో కళ్లెదుటే కనిపిస్తుంది.

మొదటి ఎపిసోడ్‌ను వీలైతే ఇంకోసారి చూడండి. ఒక్క రసీదు మీద కథంతా ఎలా నిలబెట్టారో గమనించండి. లండన్ దుకాణంలో భార్య అదుపు తప్పి గొడవ చేస్తుంటే, ప్రధాని హెస్సెల్‌బో పరువు కాపాడుకోవడానికి చేతిలో ఉన్న ప్రభుత్వ కార్డుతో బిల్లు కట్టేస్తాడు. దొంగతనం కాదు, కంగారు. ఆ రసీదు బిర్గిట్టె మీడియా సలహాదారు కాస్పర్ చేతికొస్తుంది. బిర్గిట్టె దాన్ని వాడనంటుంది. కాస్పర్ దాన్ని లేబర్ నేత లౌగెసన్‌కు చేరవేస్తాడు, బిర్గిట్టె కాస్పర్‌ను ఉద్యోగంలోంచి తీసేస్తుంది. లౌగెసన్ ఆఖరి టీవీ చర్చలో రసీదు బయటపెట్టి హెస్సెల్‌బోను ముంచుతాడు, తనూ మునుగుతాడు. అదే చర్చలో బిర్గిట్టె రాసుకొచ్చిన ప్రసంగాన్ని పక్కనపెట్టి మామూలుగా మాట్లాడుతుంది. బిర్గిట్టెగా నటించిన సిడ్సే బాబెట్ క్నూడ్సన్ అక్కడ గొంతు పెంచదు, చేతులు ఊపదు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య కాస్త ఆగుతుంది, అంతే. రాజకీయ నాయకురాలి పాత్రలో ఇంత నిబ్బరమైన నటన నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఈ సీరియల్ 2010లో డెన్మార్క్ ప్రభుత్వ ప్రసార సంస్థలో మొదలైంది. మరుసటి ఏడాది అక్టోబరులోనే హెల్లె థార్నింగ్ ష్మిట్ ఆ దేశానికి తొలి మహిళా ప్రధాని అయింది. 2022లో లోకె రాస్ముసెన్ పెట్టిన కొత్త పార్టీ పేరు మోడరేట్లు. బిర్గిట్టె పార్టీ పేరూ అదే! ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో వామపక్ష కూటమి సరిగ్గా 90 చేరింది, అదీ గ్రీన్‌లాండ్, ఫారో సీట్లు కలుపుకుంటేనే. అయినా డిసెంబరులో ఏర్పడిన ప్రభుత్వం మధ్యేమార్గపు కూటమిదే, అందులో మోడరేట్లూ చేరారు.

గ్రీన్‌లాండ్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, మొదటి సీజన్‌లో నాలుగో ఎపిసోడ్‌ను మాత్రం దాటేయకండి. 2022లో వచ్చిన నాలుగో సీజన్ మొత్తం గ్రీన్‌లాండ్ చమురు చుట్టూనే తిరుగుతుంది. దానికి విత్తనం ఇక్కడే పడింది. మొదటి మూడు సీజన్లూ పదేసి ఎపిసోడ్లు, నాలుగోది ఎనిమిది. మూడో సీజన్ నెమ్మదిగా నడుస్తుంది, బిర్గిట్టె కొత్త పార్టీ పెట్టే కష్టం అందులో ఉంది. డెన్మార్క్‌లో కొత్త పార్టీ ఎన్నికల బరిలో దిగాలంటే కిందటి ఎన్నికల్లో చెల్లిన ఓట్లలో 175వ వంతు సంతకాలు కావాలి, అంటే సుమారు 20 వేలు. ఈ సంఖ్య మనసులో పెట్టుకుని చూస్తే వాళ్ల ఇరుకు ఆఫీసు సన్నివేశాలు విసుగనిపించవు.

డబ్బింగ్ వద్దు. డేనిష్ మాటలతోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. అక్కడ ప్రధానిని కూడా పేరు పెట్టి ‘నువ్వు’ అనే పిలుస్తారు, ‘మీరు’ అన్నది దాదాపు రాజకుటుంబానికే. మన చెవికి ఆ ‘నువ్వు’ మొదట్లో గుచ్చుకుంటుంది. కానీ కాస్పర్, బిర్గిట్టె వాదించుకునేటప్పుడు వాళ్లిద్దరి మధ్య ఉన్న చనువంతా ఆ పిలుపులోనే వినిపిస్తుంది.