చూడకుండా వచ్చినవాళ్ల కోసం పాఠం మళ్లీ చెప్పకండి

పాఠం వీడియో ఇంట్లో చూసి రమ్మని, క్లాసు టైమంతా లెక్కలకీ ప్రయోగాలకీ వాడుకుందామనుకుంటున్నారు, కానీ పిల్లలు అసలు చూసి వస్తారా అని అడిగారు. వస్తారు. అందరూ రారు, మొదట్లో సగం మంది కూడా రాకపోవచ్చు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెప్తాను, కొన్ని పాఠాలు ఇలాగే నడుపుతున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. చూడకుండా వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నా సరే, అదే పాఠం బోర్డు మీద మళ్లీ చెప్పకండి. "సరే, ఒక్కసారి క్విక్‌గా చెప్పేస్తా" అన్నారంటే, రాత్రి కూర్చుని చూసొచ్చిన పిల్లకి ఆ కష్టం ఉత్తదే అయిపోతుంది, ఇక రేపటి నుంచి ఆ పిల్లా చూడదు. మరి చూడనివాళ్లని ఏం చేయాలి? నేనైతే తిట్టను, స్కూల్ ట్యాబ్ ఇచ్చి వెనక బెంచీలో కూర్చోబెడతాను. చూడటం అయ్యాకే ప్రయోగం దగ్గరికి రావాలి. ముందు వరసలో స్నేహితులు నిక్రోమ్ తీగ, అమ్మీటరు, వోల్టుమీటరు పెట్టుకుని సర్క్యూట్ కడుతుంటే వెనక కూర్చుని వీడియో చూడటం ఏ పిల్లాడికీ ఇష్టం ఉండదు, నేను ఒక్క మాట అనకుండానే తర్వాతి సారికి చూసి వస్తాడు.

అయితే చూడకపోవడమంటే బద్ధకమే అనుకోకండి. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అది నాన్న జేబులో ఉంటుంది, ఆయన పని నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది, అప్పటికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. ఆడపిల్లల చేతికి ఫోన్ ఇవ్వడానికి కొన్ని ఇళ్లలో ఒప్పుకోనే ఒప్పుకోరు, ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. 2007లో అమెరికాలోని కొలరాడోలో వీడియోలతో ఈ పద్ధతి మొదలుపెట్టిన కెమిస్ట్రీ టీచర్లు బెర్గ్‌మన్, శామ్స్ కూడా ఇంటర్నెట్ లేని పిల్లలకు పాఠాలు డీవీడీల్లో వేసి ఇచ్చారు. అసలు వీడియోనే కావాలని ఎవరన్నారు? హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఫిజిక్స్ క్లాసును 1990లలోనే ఇలా మార్చారు, ఆయన ముందుగా చదివి రమ్మన్నది పుస్తకమే. నేనూ ఫోన్ లేనివాళ్లకి టెక్స్ట్‌బుక్‌లో పేజీన్నర చదివి రమ్మంటాను, ఉన్నవాళ్లకి ఐదారు నిమిషాల వీడియో, అంతకంటే ఎక్కువ వద్దు.

చూశారో లేదో తెలుసుకోవడానికి మార్కులు పెట్టను. నోట్సులో ఒక డౌట్ రాసుకు రమ్మంటాను, క్లాసు ఆ డౌట్‌తోనే మొదలవుతుంది, ఎవరు రాశారో పేరు చెప్పి మరీ చదువుతాను. ఓమ్ నియమం రోజున ఒక పాప "బల్బు వెలుగుతుంటే వేడెక్కుతుంది కదా మేడమ్, అప్పుడు కూడా వోల్టేజిని కరెంటుతో భాగిస్తే ఒకే విలువ వస్తుందా?" అని రాసింది. ఉష్ణోగ్రత మారకుండా ఉంటేనే ఆ నియమం వర్తిస్తుందని పుస్తకంలో ఒక్క ముక్కలో ఉంటుంది, నేను ఎన్నిసార్లు నొక్కి చెప్పినా ఎవరి చెవికీ ఎక్కని ముక్క అది. ఆ రోజు పీరియడంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది, తీగతో ఒకసారి, టార్చి బల్బుతో ఒకసారి రీడింగులు తీసి గ్రాఫులు గీశారు, తీగ గ్రాఫు తిన్నగా రావడం, బల్బు గ్రాఫు వంగడం, అంటే ఒకే విలువ రాకపోవడం వాళ్లే చూశారు. ఆ తర్వాత డౌట్ రాసుకొచ్చేవాళ్లు పెరిగారు.

రెసిడెన్షియల్ స్కూల్ అయితే మీకు ఇంకా సులువు, సాయంత్రం స్టడీ అవర్‌లోనే చూపించేయొచ్చు.

ఇంకోటి, పేరెంట్స్ మీటింగులో ముందే చెప్పండి, లేకపోతే "మేడమ్ పాఠం చెప్పట్లేదంట, ఫోన్‌లో చూసుకోమంటుందంట" అని పోయి హెచ్‌ఎం గారి దగ్గర కూర్చుంటారు, పదో తరగతి అంటే వాళ్లకీ టెన్షనే కదా. మొదట వారానికి ఒక్క పీరియడ్‌తో మొదలుపెట్టండి, చేత్తో చేసే పని ఉన్న పాఠమే తీసుకోండి. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల వారంలో మాత్రం అసలు పెట్టుకోకండి.