ఎర్ర లైటు కోసం నాలుగుసార్లు తెల్ల లైటు

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నవంబరులో స్నేహితులతో జింకల వేటకు వెళ్తాడట. తెల్లవారకముందే చీకట్లో అడవిలోకి నడవాలి. మొన్న దసరాకు వచ్చినప్పుడు కోఠిలో తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్ ఒకటి కొన్నాడు. అందులో ఎర్ర, పచ్చ లైట్లు కూడా ఉన్నాయి. ఏది వేసుకోవాలి? దాని యాప్ ఫోన్‌లో పెట్టుకోవచ్చా?
- ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందే చెప్తున్నాను, ఇది చదివి ఇక్కడ ఎవరూ బయల్దేరొద్దు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, జింక జోలికి వెళ్తే జైలే. అంత సరదాగా ఉంటే వనస్థలిపురం వెళ్లి హరిణ వనస్థలిలో కృష్ణజింకల్ని చూసి రండి. టెక్సాస్‌లో లైసెన్సు, సీజను ఉంటాయి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చొచ్చు కాబట్టి అంతకంటే ముందే మంచె ఎక్కి కూర్చోవాలి. లైటు ఆ నడకకే. లైటు కొట్టి జింకను కాల్చడం అక్కడా నేరమే.

రంగు సంగతి తేలికే. ఎరుపు. జింక కంటికి నీలం, పచ్చ బాగా తెలుస్తాయి, ఎరుపు అంతగా ఆనదు. పచ్చ లైటుకు 'వేట స్పెషల్' అని పేరు పెట్టి అమ్మేవాళ్లను నాకైతే నమ్మబుద్ధి కాదు. ఒక్కటి గుర్తుంచుకోమనండి, గాయపడిన జింక రక్తపు జాడ ఎర్ర వెలుగులో కనిపించదు. అప్పుడు తెల్ల లైటే దిక్కు. దారిలో మాత్రం లైటు ఆర్పొద్దు. చీకట్లో కదిలేది మనిషని పక్క వేటగాడికి తెలియాలి కదా.

ఇక నా కోపం. ఈ హెడ్‌ల్యాంపుల గురించి వచ్చే ఉత్తరాలన్నిటిలో ఒకటే గోల, బటన్. మా ఇంట్లోనూ ఒకటుంది. మొన్న తెల్లవారుజామున కరెంటు పోతే ట్యాంకు చూద్దామని మేడెక్కాను. ఒకసారి నొక్కితే కళ్లు బైర్లు కమ్మే తెల్ల లైటు. రెండోసారి కాస్త తక్కువ. మూడోసారి ఇంకా తక్కువ. నాలుగోసారి అంబులెన్సులా టపటపా వెలిగింది, పక్కింటి కుక్క లేచింది. ఐదోసారికి ఎరుపు వచ్చింది. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి. ఎర్ర లైటు పెట్టేదే ఆ అలవాటు చెడకుండా. దాన్ని చేరడానికి తెల్ల లైటు దాటించేవాడు చీకట్లో ఎప్పుడైనా నడిచాడా? కొనేటప్పుడు షాపులోనే చూడండి, బటన్ నొక్కి పట్టుకుంటే నేరుగా ఎరుపు రావాలి.

యాప్ అన్నారు కదా, నాకు అసలు టెన్షన్ అదే. వద్దు. బటన్ ఉన్న లైటుకు యాప్ ఎందుకండీ? లైటును ఫోన్‌తో కలిపే బ్లూటూత్ కోసమే లొకేషన్ అడుగుతున్నాం అంటారు. పాత ఆండ్రాయిడ్‌లో అది నిజమే. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్‌కు వేరే పర్మిషన్ ఉంది, ఆ సాకు చెల్లదు. కాంటాక్ట్స్ అడిగితే ఇక మాట్లాడేదేముంది! 2013లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఒక టార్చ్ యాప్‌ను పట్టుకుంది. ఒప్పుకుంటారా లేదా అని జనాన్ని అడిగేలోపే అది సమాచారం పంపేస్తోంది. ఫోన్ ఎక్కడుందో ప్రకటనల కంపెనీలకు చేరిపోయేది. మీ అబ్బాయి సంగతే చూడండి. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి ఇంట్లో బయల్దేరి, ఊరికి దూరంగా కారు ఆపి, పది దాకా అక్కడే ఉంటాడు. ఇల్లు ఎప్పుడు ఖాళీయో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పటికే పెట్టుకుని ఉంటే యాప్ తీసేస్తే చాలదు. ముందు అందులోని అకౌంట్ డిలీట్ చేసి, ఆ తర్వాత తీసేయమనండి.

అన్నట్టు, దాని బ్యాటరీ మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటే అది అబద్ధం. ఈ లైట్లలో వాడే వేలెడంత 18650 రకం సెల్‌లో 3500 దాటితే గొప్ప. అలాంటి నకిలీ సెల్ అంటుకోవచ్చు, చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దని ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.