రోజు విడిచి రోజు ఎందుకు? కొత్తగా పరుగు మొదలుపెట్టినవారి ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు 42, బరువు 80 కిలోలు. కూర్చుని చేసే ఉద్యోగం. రెండేళ్లుగా రోజూ గంటసేపు నడుస్తున్నాను. ఈ నెల నుంచి పరుగు మొదలుపెట్టాను. పెద్దగా ఆయాసం రావడం లేదు. రోజూ పరుగెత్తవచ్చా? వారానికి మూడు రోజులు చాలని కొందరంటున్నారు.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మూడు రోజులే. మంగళ, గురు, ఆదివారాలు పెట్టుకోండి. మీకు ఆయాసం రాకపోవడమే మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోంది. రెండేళ్ల నడకతో గుండె, ఊపిరితిత్తులు అలవాటుపడ్డాయి. ఎముకలు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు ఇంకా అలవాటుపడలేదు. నడకలో ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉంటుంది. పరుగులో రెండు పాదాలూ గాల్లోకి లేస్తాయి, దిగేటప్పుడు బరువంతా ఒక్క కాలి మీదే పడుతుంది. అది ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు. అంటే మీ విషయంలో 160 కిలోల పైమాటే. నిమిషానికి 160 అడుగుల లెక్కన, 20 నిమిషాల పరుగులో ఒక్కో కాలు ఆ బరువును 1600 సార్లు మోయాలి.

బరువు పడేకొద్దీ ఎముక గట్టిపడుతుందన్నది నిజమే. అయితే శరీరం ముందు పాత ఎముకను కొంత తొలిచేసి, తర్వాతే కొత్తది పోస్తుంది. పెచ్చులూడిన గోడను గీకి మళ్లీ ప్లాస్టరింగ్ చేసినట్టే ఇదీ. గీకడానికీ పూయడానికీ మధ్య కొన్ని వారాలు ఆ చోటు మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. కొత్తవాళ్లకు నొప్పులు చాలాసార్లు మొదటి వారంలో కాకుండా మూడో వారం నుంచి రెండో నెల దాకా, 'ఇక పర్వాలేదు' అనుకునే రోజుల్లో మొదలయ్యేది అందుకే. మధ్యలో వదిలే రోజు ఆ పూత పని జరగడానికే.

ఒక్కో రోజు పని ఇలా ఉండాలి. ముందు 5 నిమిషాలు వడిగా నడవండి. తర్వాత 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక చొప్పున ఏడుసార్లు. చివర 5 నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆపండి. రెండు వారాలయ్యాక 2 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక ఐదుసార్లు. ఐదో వారం నుంచి 3 నిమిషాల పరుగుకు 1 నిమిషం నడక. ఏడో వారం నుంచి 5 నిమిషాల పరుగుకు 1 నిమిషం నడక, నాలుగుసార్లు. ఏ మెట్టు దగ్గరైనా కష్టమనిపిస్తే ఆ వారాన్నే మళ్లీ చేయండి, అందులో నష్టమేమీ లేదు. వేగం ఎంత ఉండాలన్నదానికి వాచీ అక్కర్లేదు. పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. రెండు మాటలకే ఊపిరి తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే.

పరుగును వారానికి 10 శాతం మించి పెంచకూడదనే మాట మీరూ వినే ఉంటారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 500 మందికి పైగా కొత్తవాళ్ల మీద దీన్ని పరీక్షించి, ఫలితాలు 2008లో ప్రచురించారు. 10 శాతం లెక్కతో 13 వారాలు సాధన చేసినవాళ్లలోనూ, మామూలు 8 వారాల పద్ధతిలో చేసినవాళ్లలోనూ గాయపడినవారు ఇంచుమించు 20 శాతమే. కాబట్టి ఆ అంకెను పట్టుకుని కూర్చోవద్దు. పరుగెత్తిన మర్నాడు మంచం దిగి వేసే మొదటి పది అడుగులు ఎలా ఉన్నాయో చూసుకోండి. కుంటుతూ నడవాల్సి వస్తే ఆ వారం పెంచకండి.

నాలుగో రోజు కలపడం మూడు నెలల తర్వాతి మాట. కలిపిన వారం మొత్తం నిమిషాలు పెరగకూడదు, ఉన్నవాటినే నాలుగు రోజులకు పంచుకోవాలి. బీపీ, షుగర్ ఉన్నా, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్లున్నా ముందు డాక్టరును కలిసి రండి.

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రిపేరవుతున్నాను. పొద్దునా సాయంత్రం గ్రౌండ్‌లో టైమ్ పెట్టుకుని 1600 మీటర్లు కొడుతున్నాను. మూడు వారాలుగా రెండు కాళ్లకూ ముంగాలి లోపలివైపు నొప్పి. ఐస్ పెడితే తగ్గి మళ్లీ వస్తోంది. ఒక్కరోజు మానినా దమ్ము పోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. నొప్పి మాత్ర ఎముకను బాగుచేయదు, అది 'ఆపు' అని చెప్పే కబురును మాత్రం నొక్కేస్తుంది. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీదా భారం వేస్తాయి.

ముందు బొటనవేలితో ముంగాలి ఎముక లోపలి అంచు వెంట పైనుంచి కిందికి నొక్కుతూ రండి. బెత్తెడు మేర అంతటా నొప్పిగా ఉంటే అది ఎక్కువ పని వల్ల వచ్చిన షిన్ పెయిన్, విశ్రాంతితో తగ్గేదే. అలాకాక రూపాయి బిళ్లంత చోట మాత్రమే చురుక్కుమంటున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా, ఆ కాలి మీద ఒక్క గెంతు గెంతలేకపోతున్నా ఎముకలో సన్నని చీలిక వచ్చి ఉండవచ్చు. ఆ రోజే పరుగు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇలాంటి చీలిక మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ గ్రౌండ్‌కు వెళ్లి, కాలు మరింత పాడుచేసుకునేవాళ్లున్నారు. అనుమానం ఉంటే డాక్టరు ఎంఆర్ఐ రాస్తారు.

మొదటి రకమైతే రెండు వారాలు పరుగు మానండి. దమ్ము పోదు. వారం పది రోజుల్లో తగ్గేది చాలా తక్కువ, ఆ తగ్గేదాన్ని కూడా సైకిల్ తొక్కి, ఈత వస్తే ఈది నిలుపుకోవచ్చు. 30 నిమిషాల వడి నడక నొప్పి లేకుండా వరుసగా మూడు రోజులు సాగాక, పైన చెప్పిన పరుగు-నడక పద్ధతిలో రోజు విడిచి రోజు మొదలుపెట్టండి.

తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు. రోజుకు రెండుసార్లు టైమ్ పెట్టి కొట్టడమంటే రోజుకు రెండుసార్లు పరీక్ష రాయడమే, చదువుకోవడానికి రోజే మిగలదు. కాళ్లు బాగయ్యాక వారం ఇలా ఉండాలి. సోమవారం, శుక్రవారం మాట్లాడగలిగే వేగంతో 25 నిమిషాలు. బుధవారం 400 మీటర్లు నాలుగుసార్లు, ఒక్కోటి 1 నిమిషం 50 సెకన్లలో, మధ్యలో 3 నిమిషాల నడక. ఆదివారం 35 నుంచి 40 నిమిషాలు నెమ్మదిగా. పూర్తి 1600 టైమ్ పెట్టి రెండు వారాలకు ఒక్కసారే, అదీ బుధవారానికి బదులు.

చాలామంది మరిచిపోయేది లాంగ్ జంప్. అదీ అదే కాలి మీద పడే దెబ్బే. జంప్ ప్రాక్టీసును బుధవారం పరుగుకు ముందే, ఓ పది దూకుళ్లతో ముగించండి. విశ్రాంతి రోజున పెట్టుకుంటే అది విశ్రాంతి కాదు. షాట్‌పుట్‌ను మాత్రం పరుగు లేని రోజున పెట్టుకోవచ్చు. మెట్టు అంచు మీద ముందరి పాదాలతో నిలబడి మడమలు పైకెత్తి, మూడు లెక్కపెడుతూ దించడం 15 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు చేయండి. పిక్కలు గట్టిపడితే ముంగాలికి కొంత భారం తగ్గుతుంది.

ప్రశ్న: రెస్ట్ రోజున ఖాళీగా ఉండలేక ఆర్కే బీచ్‌లో ఇసుక మీద పరుగెత్తుతున్నాను. మెత్తగా ఉంటుంది కదా, మంచిదేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఇసుక మెత్తనే, పని మాత్రం ఎక్కువ. పొడి ఇసుకలో మడమ దిగబడుతుంది, దాన్ని పైకి లాగడానికి పిక్కలు, మడమ వెనక స్నాయువు రోడ్డు మీదకంటే ఎక్కువ కష్టపడతాయి. నీటి అంచున తడి ఇసుక గట్టిగానే ఉంటుంది కానీ నేల సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒకే దిశలో పోతే నీటి వైపు కాలు ఎప్పుడూ పల్లంలో పడి తుంటి, మోకాలు పట్టేస్తాయి. రెస్ట్ రోజున బీచ్ రోడ్డు మీద 30 నిమిషాలు నడవండి, చాలు. యోగా చేసినా మంచిదే. రాత్రి నిద్ర ఏడు గంటలకు తగ్గితే మర్నాటి పరుగును నడకగా మార్చుకోండి.

ప్రశ్న: వైరల్ ఫీవర్‌తో పది రోజులు పరుగు ఆగిపోయింది. పోయిన రోజులకు కలిపి ఎక్కువ చేయాలా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పోయినవి పోయినట్టే వదిలేయండి. మాత్ర వేసుకోకుండానే మూడు రోజులు జ్వరం లేకపోతే, ముందు మూడు రోజులు 20 నిమిషాల నడక. తర్వాతి వారం, జ్వరానికి ముందు చేసినదానిలో సగం. ఆ తర్వాతి వారం మునుపటి లెక్క. పొద్దున్నే మంచం దిగకముందు మణికట్టు దగ్గర వేలు పెట్టి ఒక నిమిషం నాడి లెక్కపెట్టుకోండి. మామూలు రోజులకంటే పది దాకా ఎక్కువ కొట్టుకుంటుంటే ఆ రోజూ నడకే. ఛాతీలో నొప్పి, గుండెదడ, మెట్లెక్కితేనే ఆయాసం ఉంటే పరుగు జోలికి వెళ్లకుండా ముందు డాక్టరుకు చూపించుకుని ఈసీజీ తీయించుకోండి. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్నీ వాచేలా చేస్తాయి.